వదిలొచ్చిన ఊరి మీద పాట: సెయింట్స్ మూడో ఆల్బమ్, బ్రిస్బేన్

1970ల్లో పుట్టిన మొరటు, వేగపు రాక్ సంగీతం పంక్. దాని చరిత్ర రాసేవాళ్ళు ఆస్ట్రేలియా బ్యాండ్ ‘ది సెయింట్స్’ దగ్గరికి వచ్చేసరికి ఒక్క పాటతో పని కానిచ్చేస్తారు. ‘ఐయామ్ స్ట్రాండెడ్’, 1976, బ్రిస్బేన్, 500 కాపీలు. ఇంగ్లండ్‌లో ఇంకా ఒక్క పంక్ రికార్డు కూడా బయటికి రాకముందే ఆస్ట్రేలియాలో ఏదో మూల నుంచి వచ్చింది కాబట్టి ఆ పాటకు తేదీ విలువ ఉంది. క్విజ్ ప్రశ్నకు బాగా పనికొస్తుంది. ఆ తర్వాత పేజీ తిప్పేస్తారు.

రెండేళ్ళు గడిచాక, 1978 అక్టోబరులో, అదే బ్యాండ్ ‘ప్రీహిస్టారిక్ సౌండ్స్’ పేరుతో మూడో ఆల్బమ్ తెచ్చింది. అది అమ్ముడుపోలేదు. ఈఎంఐ రికార్డు కంపెనీ వాళ్ళను వదిలించుకుంది, ఏడాది తిరిగేలోగా బ్యాండ్ కూడా విడిపోయింది. కానీ ఈ బ్యాండ్ తన సొంత ఊరి పేరు పెట్టి పాడింది ఈ ఆల్బమ్‌లోనే. ‘బ్రిస్బేన్ (సెక్యూరిటీ సిటీ)’ అనే ఆ పాట బ్రిస్బేన్‌లో పుట్టిన రికార్డులో లేదు, పదహారు వేల కిలోమీటర్ల దూరాన లండన్‌లో చేసిన రికార్డులో ఉంది. బ్రిస్బేన్ సంగీతం కథంతా ఈ చిన్న విడ్డూరంలోనే దొరుకుతుంది. అక్కడ ఉన్నంతకాలం పాడటానికి చోటు లేదు, చోటు దొరికేసరికి అక్కడ ఎవరూ మిగల్లేదు.

ఈ బ్యాండ్‌లో ముఖ్యులిద్దరూ బ్రిస్బేన్‌లో పుట్టినవాళ్ళు కారు. గాయకుడు క్రిస్ బెయిలీ కెన్యాలో పుట్టి, ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో కొన్నేళ్ళు పెరిగి, ఏడేళ్ళ వయసులో బ్రిస్బేన్ శివారు ఇనాలాకు వచ్చాడు. ప్రభుత్వం కట్టించిన ఇళ్ళ కాలనీ అది. గిటారిస్టు ఎడ్ క్యూపర్ జర్మనీలో పుట్టాడు. డ్రమ్మర్ ఐవర్ హేతో కలిసి వీళ్ళు 1970ల మొదట్లో, ఇంకా కుర్రతనం దాటకముందే బ్యాండ్ మొదలుపెట్టారు. అప్పటికి పంక్ అనే మాట ఎవరూ ఆ అర్థంలో వాడటం లేదు. వీళ్ళు వినేది అమెరికా నుంచి వచ్చిన స్టూజెస్ లాంటి మొరటు రాక్, దాంతోపాటు నల్లజాతి గాయకుల సోల్ పాటలు. ఈ రెండో సంగతి గుర్తుంచుకోవాలి, మూడో ఆల్బమ్ దగ్గర అవసరం పడుతుంది.

ఇక ఊరి సంగతి. బ్రిస్బేన్ క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రానికి రాజధాని. 1968 నుంచి 1987 దాకా ఆ రాష్ట్రాన్ని ఏలింది జో బెల్కీ పీటర్సన్. వేరుశనగ పండించిన రైతు, పట్టణం వాళ్ళంటే అనుమానం, పోలీసులంటే నమ్మకం. నియోజకవర్గాల హద్దులు పల్లె ఓటుకు బరువెక్కువ ఉండేలా గీసి ఉండేవి. నిజానికి ఆ పద్ధతి మొదలుపెట్టింది 1949లో ఆయన ప్రత్యర్థులైన లేబర్ పార్టీ వాళ్ళే. తాము తవ్విన గోతిలోనే పడ్డారు. 1974 ఎన్నికల్లో లేబర్‌కు 36 శాతం ఓట్లు వచ్చాయి, 82 సీట్లున్న సభలో దక్కినవి మాత్రం 11. ‘క్రికెట్ టీమ్’ అని ఎగతాళి చేశారు. దీనికంతటికీ ఆ హద్దులే కారణం అనలేం, ఆ ఏడాది గాలి కూడా వాళ్ళకు ఎదురుగానే వీచింది. అయినా ప్రశ్నించే గొంతు సభలో ఎంత సన్నగిల్లిందో ఈ అంకె చెబుతుంది.

వీధిలో ఆ గొంతు గతి ఏమిటంటే, 1977 సెప్టెంబరులో ఊరేగింపులకు కాలం చెల్లిందని ముఖ్యమంత్రి ప్రకటించాడు. దానికోసం చట్టంలో చేసిన మార్పు చిన్నదే. అంతకుముందు ఊరేగింపుకు పోలీసులు పర్మిషన్ ఇవ్వకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. కొత్త మార్పుతో పోలీసు కమిషనర్ దగ్గరికే పోవాలి. పోలీసు కాదన్నాడని పోలీసు పెద్దకే మొర పెట్టుకోవాలన్నమాట. ఆ అక్టోబరు 22న ఒక్క రోజే 400 మందికి పైగా అరెస్టయ్యారు. ఎప్పటికీ ఎత్తేయని 144 సెక్షన్ అనుకుంటే మనకు తేలిగ్గా అర్థమవుతుంది. దాదాపు అదే కాలంలో మన దగ్గర ఎమర్జెన్సీ నడిచింది కానీ, పోలిక అంత దూరం లాగకూడదు. క్వీన్స్‌ల్యాండ్‌లో ఎన్నికలు మామూలుగానే జరిగాయి, ఆయన మామూలుగానే గెలిచాడు. జనంలో చాలామందికి ఆ పద్ధతి నచ్చింది కూడా.

జుట్టు పెంచిన కుర్రాళ్ళు, గిటార్లు, గుంపులు, ఇవన్నీ ఆ పోలీసుల కంట్లో ఒకే రకం. పైగా సొంత పాటలు పాడే బ్యాండ్లకు అప్పటి బ్రిస్బేన్‌లో వేదికలే తక్కువ. పబ్బుల్లో రేడియోలో వచ్చే హిట్ పాటలు వాయించేవాళ్ళకే చోటు. సెయింట్స్ వాయించే వేగానికి, చప్పుడుకి ఒకసారి పిలిచినవాళ్ళు రెండోసారి పిలిచేవాళ్ళు కారు. దాంతో అద్దెకున్న ఇంటినే క్లబ్బు చేసేశారు. పెట్రీ టెర్రస్ అనే వీధిలో ఉంది ఆ ఇల్లు. ‘క్లబ్ 76’ అని పేరు పెట్టి ముందు గదిలో ఆంప్లిఫయర్లు నిలబెట్టి వాయించేవాళ్ళు. అదే వీధిలో పోలీసు బ్యారక్స్. పులి గుహ ముందు డప్పు కొట్టడమంటే ఇదే.

1976 జూన్‌లో ఊళ్ళోనే బ్రూస్ విండో స్టూడియోలో రెండు పాటలు రికార్డు చేశారు. సెప్టెంబరులో ‘ఫేటల్ రికార్డ్స్’ అని సొంత లేబుల్ పేరు పెట్టుకుని 500 కాపీలు కొట్టించి, ఎవరూ అడక్కుండానే విదేశీ సంగీత పత్రికలకు పోస్టు చేశారు. అక్టోబరులో లండన్ పత్రిక ‘సౌండ్స్’ దాన్ని ఈ వారానికే కాదు, ప్రతి వారానికీ ఇదే సింగిల్ అని ఆకాశానికెత్తింది. ఆ పత్రిక చదివిన లండన్ ఈఎంఐ వాళ్ళు సిడ్నీలోని తమ ఆఫీసుకు కబురు పెట్టారు, ఆ కుర్రాళ్ళెవరో పట్టుకోండి అని. సిడ్నీ నుంచి బ్రిస్బేన్‌కు విమానంలో గంటన్నర. ఆ గంటన్నర దూరంలో ఉన్నది వినబడటానికి లండన్ చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది.

మూడు ఆల్బమ్‌ల ఒప్పందం కుదిరింది. మొదటిది 1976 డిసెంబరులో, అక్కడి నడివేసవిలో, బ్రిస్బేన్‌లోనే ఒక వారాంతంలో ముగించారు. ఆ అట్ట మీద బొమ్మను కాస్త దగ్గరగా చూడాలి. పెట్రీ టెర్రస్‌లోనే పాడుబడ్డ ఇల్లు. గోడలో పొయ్యి గూడు, దానిపైన రంగుతో రాసిన ‘ఐయామ్ స్ట్రాండెడ్’ అక్షరాలు. ముందు నిలబడ్డవాళ్ళ ఒంటి మీద చిరుగు చొక్కాలు లేవు, పిన్నీసుల్లేవు, ముళ్ళ జుట్టు లేదు. మామూలు బట్టలు, చెదిరిన పొడుగు జుట్టు, ఏం చూస్తున్నావన్నట్టు చూపు. ఆ గోడ ఏ డిజైనరూ వేసిన సెట్టు కాదు, నిజంగా ఎవరికీ అక్కర్లేని ఇల్లు.

ఈ బొమ్మే తర్వాత వాళ్ళ కొంప ముంచింది. 1977 మధ్యలో లండన్ చేరేసరికి అక్కడ పంక్ యూనిఫారం ఖరారైపోయి ఉంది. కంపెనీ వాళ్ళు వీళ్ళకూ చిరుగు బట్టలు, ముళ్ళ జుట్టు పెట్టించి అమ్ముదామనుకున్నారు. వీళ్ళు ససేమిరా అన్నారు. ‘దిస్ పర్‌ఫెక్ట్ డే’ సింగిల్ బ్రిటిష్ చార్టులో 34వ స్థానం దాకా ఎక్కింది, టీవీలో ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ కార్యక్రమంలో కూడా వాయించారు. ఆ తర్వాత ఎదుగుదల లేదు. బాస్ గిటారిస్టు కిమ్ బ్రాడ్‌షా వెళ్ళిపోతే ఇంగ్లండ్ కుర్రాడు ఆల్జీ వార్డ్‌ను తీసుకున్నారు. 1978 మేలో వచ్చిన రెండో ఆల్బమ్ ‘ఎటర్నలీ యువర్స్’ మొదటి పాటలోనే ట్రంపెట్లు, శాక్సఫోన్లు మోగాయి. పాత అభిమానులు కొంచెం ఉలిక్కిపడ్డారు కానీ గిటార్ ఇంకా గట్టిగానే ఉంది కాబట్టి సర్దుకున్నారు. ఐదు నెలలకే వచ్చిన మూడోదానితో సర్దుకోలేకపోయారు.

‘ప్రీహిస్టారిక్ సౌండ్స్’ మొదటి పాట ‘స్వింగ్ ఫర్ ద క్రైమ్’ మొదలవగానే తేడా తెలుస్తుంది. డ్రమ్ములు పరిగెత్తవు, కాళ్ళీడుస్తూ నడుస్తాయి. ఊదే వాద్యాలు అలంకారంగా పక్కన నిలబడవు, పాటను మోసేది అవే. మన ఊళ్ళో పెళ్ళి ఊరేగింపు వెళ్ళిపోయాక బ్యాండ్ మేళం వాళ్ళు అలసటగా ఇళ్ళకు మళ్ళుతూ, ఊరికే ఉండలేక ఇంకో పాట ఊదినట్టుంటుంది. సంతోషం వాద్యాలతోనే వాయించిన దిగులు. ‘ద ప్రిజనర్’లో ఈ ధోరణి జాజ్ వైపు ఇంకా జరుగుతుంది. బెయిలీ గొంతులో మొదటి ఆల్బమ్ నాటి ఎగతాళి ఉంది కానీ కేక తగ్గింది. ఆల్బమ్ అంతా ఇంతే అనుకోకూడదు. ‘దిస్ టైమ్’ లాంటి చోట్ల క్యూపర్ పాత గిటార్ గోడ మళ్ళీ లేస్తుంది. రెండు మూడు పాటలు లేకపోయినా నష్టం లేదనిపించే మాట కూడా నిజమే. ఏడాదిన్నరలో మూడు ఆల్బమ్‌లు చేసిన బ్యాండ్‌కు ఆ మాత్రం అలసట ఉండకపోతే వింత.

‘బ్రిస్బేన్ (సెక్యూరిటీ సిటీ)’ దగ్గర ఆ నెమ్మది ఎందుకో అర్థమవుతుంది. పాటలో ఉక్కపోత రాత్రులు వరసగా గడుస్తుంటాయి, పోలీసు కారు మెల్లగా పక్కనుంచి పోతుంది. జరిగేది అంతే. కొట్టారనో, లాకప్‌లో వేశారనో లేదు. ఆ ఊళ్ళో భయం వేగంగా వచ్చేది కాదు. చక్రాలు తిరుగుతున్నాయో లేదో అన్నంత నిదానంగా, చూసుకుంటూ, ఇవాళ కాకపోతే రేపు అన్నట్టు వచ్చేది. ఆ ఉక్కను మూడు నిమిషాల పరుగు పాటలో పట్టుకోలేం. మొదటి ఆల్బమ్ ఆ ఊరి నుంచి తప్పించుకోవాలని పరిగెత్తింది. మూడోది తప్పించుకున్నాక, వెనక్కి తిరిగి చూస్తూ, ఆ ఊరి నడకలోనే నడిచింది.

ఇదే ఆల్బమ్‌లో ఓటిస్ రెడ్డింగ్ పాడిన 1964 నాటి సోల్ పాట ‘సెక్యూరిటీ’ కూడా ఉంది. అందులో సెక్యూరిటీ అంటే ప్రేమలో దొరికే భరోసా. ఒక పాటలో మనిషి కోరుకునే భద్రత, ఇంకో పాటలో రాజ్యం మోపిన భద్రత, ఒకే మాట, ఒకే రికార్డు. కావాలని పక్కపక్కన పెట్టారా, యాదృచ్ఛికమా అన్నది పక్కన పెడితే, వినేవాడికి మాత్రం ఒకటి రెండోదాన్ని వెక్కిరించినట్టే వినిపిస్తుంది. సోల్ గాయని అరెతా ఫ్రాంక్లిన్ ‘సేవ్ మీ’ని కూడా తీసుకున్నారు. అంటే బ్యాండ్ కొత్త దారి పట్టిందనడం సగమే నిజం. ఇనాలాలో, ఆక్స్‌లీలో కుర్రాళ్ళుగా విన్న సంగీతం దగ్గరికే తిరిగి వెళ్ళారు.

అమ్ముడుపోకపోవడానికి ఆల్బమ్ బాగోలేకపోవడం కారణం కాదు, అలాగని ప్రపంచానికి అర్థం కాలేదన్న పాత పాట కూడా పాడక్కర్లేదు. లెక్క తేలిక. 1978 చివర్లో లండన్‌లో పంక్ కొనేవాడికి ఊదే వాద్యాలు అక్కర్లేదు. సోల్ కొనేవాడు సెయింట్స్ పేరున్న అట్ట తిరగేయడు. ఒప్పందంలో ఆఖరి రికార్డు కాబట్టి కంపెనీకి దాన్ని నెత్తిన పెట్టుకోవాల్సిన పనిలేదు. కేవలం ఏడాదిన్నర తర్వాత, 1980లో, పంక్ బ్యాండ్ నుంచి బయటికొచ్చిన గాయకుడి నాయకత్వంలో డెక్సీస్ మిడ్‌నైట్ రన్నర్స్ ఇవే ఊదే వాద్యాలతో, ఇదే సోల్ పిచ్చితో బ్రిటన్‌లో నంబర్ వన్ కొట్టారు. వాళ్ళకు కథ ఉంది, వేషం ఉంది. సెయింట్స్‌కు వేషమంటేనే గిట్టదు.

వీళ్ళు వెళ్ళిపోయిన బ్రిస్బేన్‌లో ఏమైందన్నది ఇంకా ఆసక్తికరం. మామూలుగా ఒక ఊళ్ళో ‘సీన్’ అంటే పెద్ద బ్యాండ్ చుట్టూ చిన్న బ్యాండ్లు అల్లుకుంటాయి. ఇక్కడ పెద్ద బ్యాండ్ లేకుండా పోయాకే సీన్ పుట్టింది. సెయింట్స్ వదిలి వెళ్ళింది బాణీని కాదు, ఒక కిటుకుని. రికార్డు మనమే కొట్టించుకోవచ్చు, పోస్టులో పంపించుకోవచ్చు. క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీలో కలిసిన రాబర్ట్ ఫార్స్టర్, గ్రాంట్ మెక్‌లెనన్ ‘ద గో-బిట్వీన్స్’ పెట్టి 1978లో ‘ఏబుల్ లేబుల్’ అనే ఊళ్ళోని చిన్న లేబుల్ మీద మొదటి సింగిల్ తెచ్చారు. సినిమా తార మీద మెత్తటి ప్రేమ పాట అది, సెయింట్స్ పాటకు ఆమడ దూరం. రేజర్ అనే బ్యాండ్ మాత్రం అదే ఏడాది మఫ్టీ పోలీసుల మీద సూటిగా ‘టాస్క్ ఫోర్స్’ అని పాడింది.

వీటన్నిటినీ ఒక తాటి మీద ఉంచింది రేడియో. 4జెడ్‌జెడ్‌జెడ్ అనే ఎఫ్ఎమ్ స్టేషన్ 1975 డిసెంబరు 8న యూనివర్సిటీ ప్రాంగణంలో మొదలైంది. ప్రభుత్వ పత్రికా ప్రకటన చదవకుండా వార్తలు చెప్పేది, ఊరి బ్యాండ్ల టేపులు వేసేది, ప్రాంగణంలో, ఊరి హాళ్ళలో డాన్సులు పెట్టి బ్యాండ్లకు వేదిక ఇచ్చేది. ఆ డాన్సులకు పోలీసులు దిగేవాళ్ళు. లైసెన్సు అనో, చప్పుడు అనో, ఏదో ఒక సాకు. సెయింట్స్ ముందు గదిలో చేసుకున్న ఏర్పాటునే ఈ స్టేషన్ ఊరంతటికీ విస్తరించిందనవచ్చు. 1988 డిసెంబరులో విద్యార్థి సంఘంలో పగ్గాలు మారి స్టేషన్‌ను ప్రాంగణం నుంచి గెంటేసినా అది చావలేదు, ఇప్పటికీ నడుస్తోంది.

వేదికలు కూలడం కూడా ఈ కథలో భాగమే. బోవెన్ హిల్స్ గుట్ట మీద ‘క్లౌడ్‌ల్యాండ్’ అనే పెద్ద డాన్సు హాలుండేది. 1958లో అమెరికా రాక్ గాయకుడు బడీ హాలీ, 1982లో లండన్ పంక్ బ్యాండ్ ద క్లాష్ అక్కడ వాయించారు. అదే 1982 నవంబరు 7న, తెల్లవారుజామున నాలుగింటికి, ఊరు నిద్రలో ఉండగా కూల్చేశారు. మూడేళ్ళ ముందు బెల్‌వ్యూ హోటల్‌నీ అర్ధరాత్రి దాటాకే పడగొట్టారు. చీకట్లో బుల్‌డోజర్ రావడం అక్కడ ఒక పాలనా పద్ధతి.

ఇదంతా చదివాక చాలామంది తేల్చే మాట ఒకటుంది: అణచివేతే మంచి సంగీతాన్ని పుట్టించిందని. వినడానికి బాగుంటుంది కానీ నిలవదు. అణచివేతే చాలితే అప్పటి ప్రపంచంలో సగం ఊళ్ళలో సెయింట్స్ పుట్టాలి. ఈ బ్యాండ్ 1977 నిషేధానికి ముందే తయారైంది, దాని మొదటి పాటల్లో రాజకీయం పేరెత్తినదే అరుదు. ఆ ప్రభుత్వం నిజంగా చేసింది ఇంకోటి: మనుషుల్ని వెళ్ళగొట్టింది. సెయింట్స్ లండన్ పోయారు, గో-బిట్వీన్స్ కూడా చివరికి లండన్ పోయారు, మిగతావాళ్ళు సిడ్నీ, మెల్‌బోర్న్ బస్సెక్కారు. ప్రతి మూడేళ్ళకూ సీన్‌ను మళ్ళీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చేది. వెళ్ళగలిగినవాళ్ళ సంగతి ఇది. ఆ పోలీసుల దెబ్బ అందరికంటే ఎక్కువ తిన్న ఆదివాసులకు వెళ్ళడానికి వేరే ఊరు లేదు. 1982 కామన్వెల్త్ క్రీడలప్పుడు భూమి హక్కులడుగుతూ బ్రిస్బేన్ వీధుల్లోకి వచ్చి అరెస్టయింది వాళ్ళే. పంక్ కథ చెప్పేటప్పుడు తెల్ల కుర్రాళ్ళు తిన్న లాఠీ దెబ్బలే పెద్దగా వినిపించడం ఆ కథలో లోపం.

1987లో మొదలైన ఫిట్జ్‌జెరాల్డ్ విచారణ పోలీసు లంచాల పుట్టను తవ్వింది. ఆ డిసెంబరులోనే బెల్కీ పీటర్సన్ దిగిపోయాడు. ఆయన కాలపు పోలీసు కమిషనర్ టెర్రీ లూయిస్ అవినీతి కేసులో జైలుకు పోయాడు. ఇప్పుడు బ్రిస్బేన్‌లో చదువుకుంటున్న తెలుగు పిల్లలు వారాంతంలో తిరిగే ఫార్టిట్యూడ్ వ్యాలీని 2006లో ప్రత్యేక వినోద ప్రాంతంగా ప్రకటించారు, అక్కడ బ్యాండ్ల చప్పుడుకు చట్టం రక్షణ ఉంది. 2010లో నది మీద కట్టిన కొత్త వంతెనకు జనం ఓట్లతో ‘గో బిట్వీన్ బ్రిడ్జి’ అని పేరు పెట్టారు.

సెయింట్స్ విషయానికొస్తే, విడిపోయాక క్యూపర్ ఆస్ట్రేలియా తిరిగొచ్చి 1979లో ‘లాఫింగ్ క్లౌన్స్’ పెట్టాడు. శాక్సఫోన్‌తో, జాజ్ నడకతో, మూడో ఆల్బమ్ ఆగిన చోటు నుంచి ముందుకు సాగిన బ్యాండ్ అది. బెయిలీ పాత పేరునే పట్టుకుని వేరే వాద్యగాళ్ళతో దశాబ్దాలు నడిపాడు, 2022 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. 2007లో పాతవాళ్ళు మళ్ళీ కలిసి బ్రిస్బేన్‌లో వాయించారు. వేదిక క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీ, ఉత్సవం పేరు ‘పిగ్ సిటీ’. పోలీసుల్ని తిడుతూ 1980ల్లో ఊళ్ళో పాడుకున్న పాట పేరే అది.

కొత్తగా వినేవాళ్ళు మూడు ఆల్బమ్‌లనూ వరసలో వింటేనే మంచిది, మొత్తం కలిపి రెండు గంటల లోపే. మొదటిది గట్టిగా పెట్టుకుని వినాలి. మూడోది మాత్రం ఉక్కపోత రాత్రి, కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడు, కిటికీ తీసి వీధి చప్పుడు వినబడేంత తగ్గించి పెట్టుకుంటే బాగుంటుంది.